జన్యువును మోసుకెళ్లే కొవ్వు: అది విషం కాకుండా ఎలా చేస్తున్నారు?



కొన్ని నెలల కిందట పిల్లల వార్డులో ఒక తండ్రి మడతలు పడిన పేపరు ముక్క నా చేతిలో పెట్టారు. కొవ్వు పదార్థంతో జన్యువులను కణాల్లోకి పంపే విషరహిత పద్ధతి వచ్చిందని అందులో రాసి ఉంది. ఆయన కుమారుడికి పదేళ్లు. డుషెన్ అనే కండరాల క్షీణత జబ్బు. పోయిన సంవత్సరం వరకు గోడ పట్టుకుని మెట్లెక్కేవాడు, ఇప్పుడు ఎక్కలేకపోతున్నాడు. "సిస్టరమ్మా, పట్నంలో ఒకాయన ఇలాంటి డీఎన్‌ఏ ఇంజెక్షనే వేస్తానంటున్నాడు. ఆరు లక్షలట. అరెకరం అమ్మితే వస్తుంది. కొవ్వే కాబట్టి ప్రమాదం ఏమీ ఉండదంటున్నాడు. నిజమేనా?" అని అడిగారు.

కాదు అని ఒక్క మాటలో చెప్పి పంపించవచ్చు. కానీ పొలం అమ్మడానికి సిద్ధపడిన మనిషికి ఒక్క మాట చాలదు. పైగా ఆ పేపరులో రాసింది అబద్ధమేమీ కాదు. దాన్ని పట్నంలో ఆయన వాడుకున్న తీరే అబద్ధం. ఈ రెంటికీ తేడా తెలియాలంటే కొంచెం ఓపికగా చదవాలి. మీ ఇంట్లో కూడా పుట్టుకతో వచ్చిన జబ్బు గలవారు ఎవరైనా ఉంటే ఇది మీకు పనికివస్తుంది.

జన్యువు తనంతట తాను లోపలికి పోలేదు

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. ఏ మాంసకృత్తును ఎలా తయారుచేయాలో చెప్పే ఆదేశాలు అందులో ఉంటాయి. అలాంటి ఒక్కొక్క ఆదేశాన్ని జన్యువు అంటాము. డుషెన్ జబ్బులో కండరాన్ని గట్టిగా నిలిపే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు జన్యువు చెడిపోయి ఉంటుంది. మంచి జన్యువును బయటినుంచి పంపితే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ మంచి జన్యువును ప్రయోగశాలలో తయారుచేయడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. దాన్ని కణంలోకి చేర్చడమే కష్టం.

డీఎన్‌ఏ పొడవాటి దారం లాంటిది. ఆ దారం పొడవునా మైనస్ చార్జి ఉంటుంది. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసినది, దాని బయటి వైపు కూడా మైనస్ చార్జే ఎక్కువ. రెండు మైనస్‌లు ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. ఈలోగా రక్తంలోని ఎంజైములు ఆ దారాన్ని కొద్ది నిమిషాల్లోనే ముక్కలు చేస్తాయి. అందుచేత డీఎన్‌ఏను దాచి, మోసి, లోపల దింపే వాహకం ఒకటి కావాలి.

ఈ పనిలో ఆరితేరినవి వైరస్‌లు. కణంలోకి దూరి తన జన్యువును వదలడమే వైరస్ బ్రతుకు. అందుకే జబ్బు చేసే గుణం తీసేసి, ఆ స్థానంలో మంచి జన్యువును పెట్టి పంపే పద్ధతి ముందుగా వచ్చింది. అది కొన్ని జబ్బుల్లో బాగా పనిచేస్తోంది. మన మిషన్ ఆసుపత్రుల్లో పెద్దదైన వేలూరు సీఎంసీలో హీమోఫీలియా ఉన్న ఐదుగురికి, వారి మూలకణాలను బయటికి తీసి, వైరస్ ద్వారా జన్యువు చేర్చి, తిరిగి ఎక్కించారు. ఆ ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. వారికి రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ వారి ఒంట్లోనే తయారవుతోంది.

అయితే శరీరం వైరస్‌ను శత్రువుగానే చూస్తుంది. 1999లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల అబ్బాయి పరిశోధనలో చేరాడు. రక్తంలో అమ్మోనియా పేరుకుపోయే ఒక కాలేయపు జబ్బు అతనిది. అది తీవ్రమైన రకం కాదు, పథ్యంతో, మందులతో నెట్టుకొస్తున్నాడు. సెప్టెంబరు 13న వైరస్ వాహకం ఎక్కించారు. ఒళ్లంతా వాపు, జ్వరం, అవయవాలు ఒక్కొక్కటే దెబ్బతిన్నాయి. 17న చనిపోయాడు. చంపింది జన్యువు కాదు, దాన్ని మోసిన వాహకం మీద శరీరం చేసిన యుద్ధం. ఆ తర్వాత వైరస్ లేకుండా ఈ పని చేయలేమా అన్న ప్రశ్న మరింత గట్టిగా ముందుకు వచ్చింది.

కొవ్వు మంచిదే, మరి విషం ఎక్కడిది?

కొవ్వుతో మందు పంపడం మీకు కొత్త కాదు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం ఎంతమంది చీటీలు పట్టుకుని ఊరూరా తిరిగారో మీకు గుర్తుండే ఉంటుంది. మామూలు ఆంఫోటెరిసిన్ ఎక్కిస్తే మంచం ఊగిపోయేంత చలి, వణుకు వచ్చేవి, మూత్రపిండాలు దెబ్బతినేవి. అదే మందును సన్నని కొవ్వు బుడగల్లో పెట్టి ఇస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. అంటే కొవ్వు ఇక్కడ విషాన్ని తగ్గించింది.

డీఎన్‌ఏ విషయంలో కథ తిరగబడుతుంది. మైనస్ చార్జి ఉన్న దారాన్ని పట్టుకోవాలంటే కొవ్వుకు ప్లస్ చార్జి ఉండాలి. 1987లో కాలిఫోర్నియాలో ఫిలిప్ ఫెల్గ్నర్, ఆయన సహచరులు అలాంటి కొవ్వు అణువును తయారుచేశారు. దాని పేరు డాట్మా. దానికి ప్లస్ చార్జి గల ఒక తల, రెండు పొడవాటి కొవ్వు తోకలు ఉంటాయి. డీఎన్‌ఏతో కలిపితే చాలు, రెండూ తమంతట తాము ముద్దగా చుట్టుకుని, గాజు పళ్లెంలోని కణాల్లోకి పోయాయి. అప్పట్లో అది గొప్ప వార్త.

ఇప్పుడు మా డ్రెస్సింగ్ ట్రాలీ దగ్గరికి రండి. గాయాలు కడిగే సెట్రిమైడ్ ద్రవం మీరు చూసే ఉంటారు, సావ్‌లాన్‌లో ఉండేది అదే. సెట్రిమైడ్ అణువుకూ ప్లస్ తల ఉంది, కొవ్వు తోక ఉంది. డాట్మా తల, దీని తల ఒకే రకం. సెట్రిమైడ్‌కు తోక ఒక్కటే, డాట్మాకు రెండు, అంతే తేడా. సెట్రిమైడ్ క్రిములను ఎలా చంపుతుంది? వాటి పొరకు అతుక్కుని, సబ్బులాగా చీల్చివేస్తుంది. అందుకే దాన్ని చర్మం మీద వాడతాము గాని రక్తంలోకి ఎక్కించము.

రెండు తోకలున్న కొవ్వు అంత క్రూరంగా చీల్చదు గాని స్వభావం పూర్తిగా మారదు. మోతాదు ఎక్కువైతే కణాల పొరలు దెబ్బతింటాయి. రక్తంలోని మాంసకృత్తులు మైనస్ చార్జితో ఉంటాయి గనుక దానికి అంటుకుని ఉండలు కడతాయి, ఆ ఉండలు ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. వాపు, జ్వరం వస్తాయి. కణంలోకి తోసే గుణం ఏదో, కణాన్ని గాయపరిచే గుణమూ అదే. "కొవ్వే కదా, ఏమవుతుంది" అన్న మాట ఇక్కడ చెల్లదు.

తల, తోక, మధ్యలో ముడి

గత 40 సంవత్సరాలుగా జరిగిన పని అంతా ఈ ఒక్క చిక్కు విప్పడానికే. అది మందులు కలపడం లాంటి పని కాదు, అణువును ముక్క ముక్కగా మార్చి చూడడం.

మొదట ముడి సంగతి. డాట్మాలో తలనూ తోకలనూ కలిపే ముడి గట్టిది, శరీరం దాన్ని తేలికగా తెంపలేదు. పని అయిపోయాక కూడా అణువు కణంలోనే ఉండిపోతుంది. మనం తినే వేరుశనగ నూనెలో కూడా ముడులు ఉంటాయి, వాటిని ఎస్టర్ ముడులు అంటారు. వాటిని తెంపే ఎంజైములు మన ఒంట్లో ఉన్నాయి, లేకపోతే నూనె అరగదు. అదే ఎస్టర్ ముడిని వాహకపు కొవ్వులో పెడితే, జన్యువును దింపాక శరీరం దాన్ని నూనెలాగే విరగ్గొట్టుకుంటుంది. డాటాప్ అనే కొవ్వులో చేసినది ఇదే. ఇది చాలా చిన్న మార్పులా కనబడుతుంది గాని, నా దృష్టిలో అన్నిటికంటే తెలివైనది.

తర్వాత తల. శరీరానికి పరిచయం లేని తలకు బదులు పరిచయమున్న పదార్థాలను పెట్టి చూశారు. లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు మన పప్పులో, గుడ్డులో ఉన్నవే. తోకగా కొలెస్టరాల్‌ను వాడినవారూ ఉన్నారు. మన హైదరాబాదు తార్నాకలోని ఐఐసీటీలో అరబింద చౌధురి బృందం ఏళ్ల తరబడి ఇదే పని చేసింది. చక్కెరను పోలిన తలలు తగిలించి, శరీరంలో ఫలానా రకం కణాలే పట్టుకునేలా కొవ్వులను తయారుచేసి ఎలుకల మీద పరీక్షించారు.

అన్నిటికంటే పెద్ద మలుపు తల చార్జిని అవసరమైనప్పుడే వచ్చేలా చేయడం. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది. పసుపు అదే, చుట్టూ క్షారం చేరేసరికి దాని గుణం మారింది. అలాగే కొన్ని కొవ్వు తలలు పులుపు తగిలితేనే ప్లస్ చార్జి తెచ్చుకుంటాయి. వాహకాన్ని తయారుచేసేటప్పుడు పుల్లని ద్రవంలో కలుపుతారు, అప్పుడు అది జన్యు పదార్థాన్ని పట్టుకుంటుంది. రక్తంలో పీహెచ్ 7.4, అక్కడ దానికి చార్జి దాదాపు ఉండదు గనుక దేనికీ అంటుకోదు, దేనినీ చీల్చదు. కణం దాన్ని మింగి ఒక చిన్న సంచిలో పెడుతుంది. ఆ సంచి లోపల క్రమంగా పులుస్తుంది, పీహెచ్ 6 కంటే కిందికి దిగుతుంది. అక్కడ కొవ్వుకు ప్లస్ చార్జి వచ్చి, సంచి గోడను చీల్చి, సరుకును బయటికి వదులుతుంది. చీల్చే గుణం పోలేదు చూశారా? దాన్ని సరైన చోటికి మాత్రమే పరిమితం చేశారు. అప్పటికీ సంచిలోంచి తప్పించుకుని బయటపడే సరుకు నూటికి ఒకటి రెండు పాళ్లేనని కొలిచి చూసినవారు చెప్పారు. మిగతాది వృథా.

డీఎన్‌ఏ తెచ్చే చిక్కు వేరు

కొవ్వు ఎంత మంచిదైనా లోపలి సరుకు కూడా జ్వరం తేగలదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు బ్రిటన్‌లో కొవ్వు వాహకంతో డీఎన్‌ఏను నెబ్యులైజర్ ద్వారా పీల్పించారు. మీరు ఆస్తమా పిల్లలకు పెట్టే నెబ్యులైజర్ లాంటిదే. మొదటి ప్రయోగాల్లో ఫ్లూ లాంటి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి. ఆ డీఎన్‌ఏను బ్యాక్టీరియాలో పెంచుతారు. అందులోని కొన్ని అక్షరాల వరుసను చూసి శరీరం బ్యాక్టీరియా వచ్చిందని పొరబడుతుంది. ఆ వరుసలు తీసేసిన డీఎన్‌ఏను తయారుచేసి, నెలకొకసారి చొప్పున ఒక సంవత్సరం ఇచ్చారు. 2015లో ఫలితం వెలువడింది. ఉత్త ఉప్పునీరు పీల్చినవారితో పోలిస్తే ఊపిరి సామర్థ్యంలో తేడా 3.7 శాతం. ప్రమాదం పెద్దగా లేదు, మేలు కూడా పెద్దగా లేదు. అది వార్డుల్లో వాడే మందు కాలేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. డీఎన్‌ఏ ఉండవలసింది కణం మధ్యనున్న కేంద్రకంలో. కేంద్రకం బయట డీఎన్‌ఏ కనబడితే, వైరస్ చొరబడిందని కణం ప్రమాద గంట మోగిస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 2025లో ప్రచురించిన పనిలో, మంచి కొవ్వు వాహకంలో పెట్టిన డీఎన్‌ఏ కూడా ఈ గంట వల్ల ఆరోగ్యంగా ఉన్న ఎలుకలను చంపింది. అదే వాహకంలో నైట్రో ఒలెయిక్ ఆమ్లం అనే మరో కొవ్వును కలిపారు. అది మన ఒంట్లో సహజంగా తయారయ్యేదే, ఆ గంటను ఆపుతుంది. అప్పుడు ఎలుకలు బ్రతికాయి. ఆశ కలిగించే మాటే. అయితే ఎలుకల దగ్గర ఆగిన మాట.

ఇప్పటికి ఎంతవరకు వచ్చింది?

కొవ్వు వాహకాలు నిజంగా గెలిచింది డీఎన్‌ఏతో కాదు, దాని తోబుట్టువు లాంటి ఆర్‌ఎన్‌ఏతో. ఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలోకి పోనవసరం లేదు, కణంలో పడితే చాలు. 2018లో పాటిసిరాన్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని ఎక్కించే ముందు స్టిరాయిడ్, అలర్జీ మందులు ఇచ్చి తీరాలి, అంటే ఈ కొవ్వు కూడా పూర్తిగా సాధువు కాదు. 2020 చివరలో ఫైజర్, మోడర్నా కోవిడ్ టీకాలు ఇలాంటి కొవ్వులోనే వచ్చాయి. మీలో ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ అలాంటివి కావు, ఆ భయం పెట్టుకోవద్దు.

2025లో మళ్లీ ఫిలడెల్ఫియా పేరే వినబడింది. కేజే అని అందరూ పిలుచుకున్న పసివాడికి పుట్టుకతోనే అమ్మోనియా పేరుకుపోయే జబ్బు, జెస్సీ జబ్బు కుటుంబానికి చెందినదే. డాక్టర్ కిరణ్ ముసునూరు, డాక్టర్ రెబెకా అహ్రెన్స్-నిక్లస్ బృందం ఆ ఒక్క బిడ్డ జన్యువులోని తప్పును సరిదిద్దడానికే ఆర్‌ఎన్‌ఏ మందు తయారుచేసి, కొవ్వు వాహకంలో మూడు మోతాదులు ఎక్కించింది. ముసునూరు మనకు తెలిసిన ఊరి పేరే కాబట్టి ఆ వార్త చదివినప్పుడు నాకు కొంచెం సంతోషం ఎక్కువైంది, దాచుకోను. వైరస్ వాహకమైతే ఒకసారి ఇచ్చాక శరీరం దాన్ని గుర్తుపట్టి రెండోసారి రానివ్వదు. కొవ్వు గనుక మూడుసార్లు ఇవ్వగలిగారు. బిడ్డ ఆ సంవత్సరమే జూన్‌లో ఇల్లు చేరాడు. దీన్ని పూర్తి స్వస్థత అని ఆ డాక్టర్లే అనలేదు, ఇంకా ఎన్నో ఏళ్లు చూడాలన్నారు.

ఆ తండ్రికి చెప్పినది

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కేజేది కాలేయపు జబ్బు. రక్తంలోకి ఎక్కించిన కొవ్వు వాహకాల్లో ఎక్కువ భాగం కాలేయానికే చేరుతుంది. డుషెన్‌లో చేరవలసింది ఒళ్లంతా ఉన్న కండరాలకు, గుండెకు. అక్కడికి చాలినంత సరుకు చేర్చగల కొవ్వు వాహకం మామూలు చికిత్సగా ఇంకా ఎక్కడా లేదు.

అయినా ఈ జబ్బుకు కొవ్వు మీద ఆశ పెట్టుకోవడంలో అర్థం ఉంది. డిస్ట్రోఫిన్ తయారీకి కావలసిన ఆదేశం సుమారు 11,000 అక్షరాలు. దీనికి వాడే వైరస్‌లో పట్టేది 4,700 దాకానే. అందుకే జన్యువును కత్తిరించి, పొట్టిది చేసి పంపుతున్నారు. అలాంటి మందుకు 2023లో అమెరికా అనుమతించింది. 2025లో ఆ మందు తీసుకున్నవారిలో, అప్పటికే నడవలేని స్థితిలో ఉన్న ఇద్దరు అబ్బాయిలు కాలేయం చెడిపోయి చనిపోయారు. కొవ్వుకైతే అంత గట్టి కొలత పరిమితి లేదు, పూర్తి జన్యువును మోయగలదు. ఇదంతా చెప్పి, "అన్నా, పేపరులో రాసింది రాబోయే రోజుల సంగతి. పట్నంలో ఆయన అమ్ముతున్నది ఏమిటో నాకు తెలియదు గాని, ఇది మాత్రం కాదు" అన్నాను.

విషరహితం అన్న మాట చదివినప్పుడు, దేనికి విషం కాదు అని అడగండి. చాలాసార్లు దాని అర్థం గాజు పళ్లెంలో పెంచిన కణాలు చావలేదని మాత్రమే. పసుపు రంగు పొడి ఒకటి వేస్తారు, బ్రతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి, ఆ రంగును కొలుస్తారు. పళ్లెంలోని కణానికి కాలేయం లేదు, జ్వరం రాదు. పళ్లెం తర్వాత ఎలుక, ఆ తర్వాత కొద్దిమంది మనుషులు, ఆ తర్వాతే మందు.

మీ బిడ్డను నిజమైన పరిశోధనలో చేర్చమని ఎవరైనా అడిగితే భయపడి పారిపోనక్కరలేదు. మన దేశంలో 2009 నుంచి అలాంటి ప్రతి పరిశోధననూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ నంబరు అడగండి, మాకు తెస్తే మేము వెతికి చూపిస్తాము. జన్యువును దేనిలో పెట్టి పంపుతున్నారు, వైరసా, కొవ్వా, ఇదివరకు ఎంతమంది మనుషులకు ఇచ్చారు, వారికి ఏమైంది అని అడగండి. పరిశోధనలో హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరు భరిస్తారో కాగితంలో రాసి ఉండాలి. ఏడేళ్లు దాటిన పిల్లవాడిని కూడా, నీకు ఇష్టమేనా అని అడగాలి. పరిశోధన మందుకు మీ దగ్గరే లక్షలు అడిగితే, కాగితం ఇంటికి తీసుకెళ్లనివ్వకపోతే సంతకం పెట్టకండి.

ఆ తండ్రి వెళ్లబోతూ చెప్పిన ఇంకొక మాట విని నాకు ఇంజెక్షన్ కంటే ఎక్కువ భయం వేసింది. ఇంజెక్షన్‌కు ముందు ఒంట్లో ఏ మందూ ఉండకూడదు, వాడుతున్న మాత్రలన్నీ ఆపేయమని పట్నంలో ఆయన చెప్పాడట. ఆ బిడ్డ రెండేళ్లుగా స్టిరాయిడ్ మాత్రలు వాడుతున్నాడు. వాటిని ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మీ పిల్లలకు ఇలాంటి మాత్రలు ఉంటే, డాక్టరు గారు చెప్పకుండా ఒక్క రోజు కూడా మానవద్దు. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, రాత్రయినా సరే. అబ్బాయి మాత్రలు ఆగలేదు. అరెకరం ఇంకా వాళ్ల పేరు మీదే ఉంది. రాత్రి పూట కాళ్లకు స్ప్లింట్లు కట్టడం వాళ్లమ్మగారికి నేర్పించాము, గుండె ఎకో పరీక్షకు ప్రతి సంవత్సరం వస్తున్నారు.